అవతలి అరుగు

ఈ పొద్దుటికి మా వీధి కొంచెం వెడల్పయింది.

నిన్నటిదాకా మా అరుగు మీద నుంచి తాళంచెవి విసిరితే ఎదురింటి అరుగు మీద పడేది. ఈ రోజు చూస్తే ఆ ఇల్లు నాలుగిళ్ల అవతల ఉన్నట్టుంది. మధ్యలో కొత్తగా ఇళ్లేమీ లేవలేదు. ఉన్నదంతా వీధే. తారు కూడా పాతదే, గుంటలూ పాతవే. గుంటకీ గుంటకీ మధ్య ఎడం మాత్రం పెరిగింది.

మున్సిపాలిటీ వాళ్ల పని అనుకోవడానికి లేదు. మురిక్కాలవ మీద పలక వేయమని అర్జీ పెడితే రెండు ఎండాకాలాలు పోయాయి. తెల్లారేలోగా వీధిని సాగదీసేంత చురుకు వాళ్లకెక్కడిది?

అమ్మ ఇవేవీ గమనించినట్టు లేదు. స్నానం చేసి, పొయ్యి మీద పాలు పెట్టి, రోజూలాగే దూది కోసం ఎదురింటికి వెళ్లింది. ఎదురిల్లు హుస్సేనత్తది. వాళ్లు దూదేకులవాళ్లు. ఆవిడ పరుపులు, బొంతలు కుట్టి బతుకుతుంది. మా దేవుడి గూట్లో దీపానికి వత్తి ఆవిడ ఏకిన దూదితోనే చేస్తుంది అమ్మ. బజారు వత్తులు నూనె తాగవని అమ్మ పట్టుదల. పిడికెడు దూది కొంగులో వేసుకుని, కాసేపు లోకాభిరామాయణం మాట్లాడి, పాలు పొంగే వేళకి తిరిగొస్తుంది.

పాలు పొంగుతున్నాయి. అమ్మ రావడం లేదు.

నేను పొయ్యి కట్టేసి అరుగు మీదికొస్తాను. అమ్మ అవతలి అరుగు దిగి ఇటే వస్తోంది. నడుస్తోంది. నడుస్తూనే ఉంది. వీధి మధ్యలో ఆగి, నడుం మీద చెయ్యేసుకుని, ముందుకి చూసి, వెనక్కి చూసి, ఏది దగ్గరో ఆలోచించుకుని వెనక్కే వెళ్లిపోతోంది.

"మస్తానూ," అని అక్కడ కూలబడి కేకేస్తోంది. "పాలు చూడరా, పొంగిపోతయ్యి."

"కట్టేశానమ్మా. నువ్వు రా."

"వీధి చానా ఉందిరా. కాళ్లు లాగుతున్నయ్యి. కాసేపాగి వస్తాలే."

"టిఫిను?"

"హుస్సేనమ్మ ఉప్మా చేస్తంది. నువ్వే చూసుకో, మాడబెట్టుకోమాక."

నా పేరు మస్తాన్‌రావు. మా వైపు ఇలాంటి పేరు ఎవరికీ వింత కాదు. అమ్మకి పిల్లలు పుట్టి పోతుంటే, హుస్సేనత్త చెయ్యి పట్టుకుని దర్గాకి తీసుకెళ్లి ముడుపు కట్టించింది. ఆ తర్వాత పుట్టిన నేను బతికాను. అందుకని మస్తాన్ అని పెట్టి, వెనక మా వాళ్ల రావు తగిలించారు. గూట్లో ఆంజనేయస్వామి, పలకడానికి దర్గా పేరు. ఈ రెంటికీ మా ఇంట్లో ఏనాడూ తగువు రాలేదు.

నేను హిందీ పండితుణ్ణి. ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతాను. మన ఊళ్లల్లో హిందీ పండితుడంటే ఏంటో చెప్పక్కర్లేదు. లెక్కల మాస్టారంటే పిల్లలు వణుకుతారు, ఇంగ్లీషు మాస్టారంటే తల్లిదండ్రులు నిలబడతారు. హిందీ పీరియడ్లో మాత్రం లెక్కల హోంవర్కు చేసుకుంటారు. చేసుకోని వాళ్లు ఆవలిస్తారు. నేను బోర్డు వైపు తిరిగి రాస్తున్నా నా వీపుకి ఆ ఆవలింతలు తెలుస్తుంటాయి.

ఇప్పుడు నాకు ఇంకో పని కూడా ఉంది. ధర్మరక్షణ అంటూ ఉత్తరాది నుంచి నాయకుడొకాయన వచ్చి హిందీలో మాట్లాడతాడు. ఆయన పక్కన ఇంకో మైకు ఉంటుంది. దాని ముందు నిలబడి ఆయన ప్రతి వాక్యాన్నీ నేను తెలుగులో చెప్పాలి. హిందీకి ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆయన ముగించి నా వంక చూస్తాడు, జనం కూడా నా వంకే చూస్తారు. అంతమంది ఆవలించకుండా నన్ను చూడటం ఎంత బాగుంటుందో నేను సరిగ్గా చెప్పలేను. ఆ చూపు పోతుందేమోనని భయమేసి ఆయన మాటకి కాస్త కారం కలుపుతాను.

నిన్న గడియారం సెంటర్లో ఆయన హిందీలో అన్నది ఒక్క ముక్క. మనం మేలుకోవాలి, అంతే. నా తెలుగులో అది ఇలా ఉంది. "వాళ్ళు మన గుమ్మం దాకా వచ్చేశారు! ఇంకా ముసుగుతన్ని పడుకుందామా?" అందులో వాళ్ళు అన్న మాట నా సొంతం. వాళ్ళు అంటే ఎవరని ఏ ఒక్కరూ అడగలేదు. సెంటరంతా లేచి నిలబడింది.

వీధిని చూస్తూ ఉంటే నాకొక అనుమానం వస్తుంది. అరుగు మీద నిలబడి, పెద్దగా కాకుండా, మామూలుగా, "వాళ్ళు" అంటాను.

అవతలి అరుగు ఒకసారి ఊగి వెనక్కి జరుగుతుంది. దాంతో పాటు ఇల్లూ, ఇంటి ముందు ఆరేసిన బొంతా, స్తంభానికి ఆనుకున్న అమ్మా, ఉప్మా గిన్నె పట్టుకున్న హుస్సేనత్తా జరుగుతారు. ఉప్మా ఒలకదు. ఇద్దరూ మాటల్లో ఉన్నారు, చూసుకోరు.

ఇంకోసారి అంటాను. మళ్లీ జరుగుతుంది. దీంతో అనుమానం తీరిపోయింది. ఇక మూడోసారి అనాల్సిన పని లేదు. అయినా అంటాను. ఈసారి మైకు ముందు ఎలా పలుకుతానో అలా, గొంతు కింద నుంచి లాగి అంటాను. బాగా వచ్చిందనిపిస్తుంది. వీధి ఆ చివర అమ్మ మొహం ఇప్పుడు తెలియడం లేదు, చీర రంగు మాత్రం తెలుస్తోంది. నాకు చెంపలు వేడెక్కుతాయి. ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూస్తాను.

దీనికి విరుగుడు కూడా నా దగ్గరే ఉంటుందనుకుని "మనం" అంటాను. వీధి కదలదు. నా వెనక ఇల్లు బిగుసుకుంటుంది. లోపలికి వెళ్లి చూస్తే మంచం రెండు గోడలకీ తగులుతోంది. ఆంజనేయస్వామి పటం ఎదురుగోడ మీది క్యాలెండరుకి మొహం ఆనించి ఉంది. గూట్లో దీపం కూడా వెలగలేదు, స్వామి మొహం నాకు కనపడదు. ఒక విధంగా అదే నయం.

సెంటరు నుంచి వస్తున్న ఆటోని ఆపుతాను. "అవతలి అరుగు దాకా వస్తావా?"

అతను అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దూరం చూస్తాడు. "అటు బేరం కుదరదు మాస్టారూ. దింపొచ్చు గానీ, తిరిగి ఇటు ఎక్కేవాళ్లు దొరకరు."

"తిరిగి మా అమ్మ ఎక్కుతుందయ్యా."

"ఆవిడ అవతలోళ్ల మనిషి కదండీ ఇప్పుడు. ఎక్కించుకుంటే నా బండి కూడా అవతలోళ్లదే అయిపోద్ది." ఇది చాలా మామూలు విషయంలా చెప్పి, బీడీ ఆర్పి జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు.

నడిచి వెళ్లొచ్చు. ఇప్పుడు బయలుదేరితే పొద్దుగూకే వేళకి చేరతాను. ఈ రోజు కూడా మీటింగుంది, మధ్యాహ్నం. నేను చెప్పులు వేసుకుంటాను. వేసుకుని, ఒక మెట్టు దిగి, మీటింగు మధ్యాహ్నం కదా అనుకుని మళ్లీ మెట్టెక్కుతాను. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండగానే జీపు వచ్చి ఆగుతుంది.

అందులోంచి చక్రధర్ దిగుతాడు. మీటింగుల ఏర్పాట్లన్నీ అతనివే. సిమెంటు వ్యాపారం. ఎవరి మాటకీ అడ్డు రాడు, ఎవరు చెప్పిందీ వినడు. వీధిని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి మొహమంతా నవ్వు చేసుకుంటాడు.

"మాస్టారూ, మీ వీధి ఇంతుందని చెప్పనే లేదే! గడియారం సెంటరు దేనికి, మీటింగు ఇక్కడే పెట్టేద్దాం. లక్ష మంది పడతారు."

"చక్రధర్ గారూ, అమ్మ అవతల ఉండిపోయింది."

"అవతల ఉన్నవాళ్ల గురించే కదండీ మన మీటింగు."

"అవతల ఉన్నవాళ్లు కాదు, మా అమ్మ. తిరపతమ్మ. మొన్న మీకు కాఫీ ఇచ్చింది చూడండి."

"మంచి కాఫీ," అంటాడు. "మీరు బెంగపడకండి. అంతా మనదయ్యాక అవతల అనేదే ఉండదు, అప్పుడు ఆవిడే వచ్చేస్తారు. అందాకా ఓర్చుకోవాలి. త్యాగం లేందే ఏ పనీ కాదు కదా." త్యాగం అన్నప్పుడల్లా అతను ఎదుటివాడి భుజం మీద చెయ్యేస్తాడు.

కుర్రాళ్లు జీపులోంచి ఫ్లెక్సీ దించి మా గోడకి కడుతున్నారు. నాయకుడి బొమ్మ నిలువెత్తున ఉంది. మూలన నా బొమ్మ. దాని కింద మహేశ్వర్ జీ అని ఉంది.

"ఇదెవరు?"

"మీరే. ఆ పేరుతో స్టేజీ మీద ఎలా మాస్టారూ? జనం తికమక పడతారు. పెద్దగా మార్చలేదు, మొదటి అక్షరం అలాగే ఉంచాం."

ఇక్కడ నేను కోప్పడాలి. కోపం కోసం వెతుక్కుంటాను. ఫ్లెక్సీలో బొమ్మ బాగా వచ్చిందనే సంగతే ముందు తగులుతుంది. జుట్టు నల్లగా చేశారు. "సరే లెండి," అంటాను.

అనగానే లోపలి నుంచి నా పేరు బయటికొస్తుంది. నా ఎత్తే, నా నడకే. నేను స్కూలుకి వేసుకెళ్లే పాత చొక్కా వేసుకుంది. జేబు మీద సిరా మరక కూడా ఉంది. నా కాళ్లకున్న చెప్పులు చూసి, తొడుక్కోవచ్చా అన్నట్టు నా వంక చూస్తుంది. నేను విడిచి పక్కకి జరుగుతాను.

"ఎక్కడికి?" అంటాను.

"అమ్మ దగ్గరికి. ఇక్కడ నువ్వెలాగూ వాడుకోవడం లేదుగా."

"ఎండగా ఉంది. నడవగలవా?"

"నాకంత దూరమేం కాదు," అని నా పేరు వీధిలోకి దిగుతుంది. నిజంగానే దానికి దూరం లేదు. కాసేపట్లో అవతలి అరుగు ఎక్కడం చూస్తాను. చీర రంగు లేచి నిలబడుతుంది. దాన్ని కూచోబెట్టి, లోపలికెళ్లి ఏదో తెచ్చి ముందు పెడుతుంది. నా పేరు వంగి తింటోంది. నాకు కూడా ఆకలేస్తోంది. ఇంట్లోకెళ్దామంటే గుమ్మం ఇరుకైపోయి పక్కకి తిరిగితే తప్ప పట్టేట్టు లేదు.

స్టేజీ కడుతున్నంతసేపూ నేను ఉత్తకాళ్లతో అక్కడే నిలబడి ఒక నిర్ణయానికి వస్తాను. ఈ రోజు ఏమీ కలపను. ఆయన ఎంతంటే అంతే. ఆయన మామూలుగా అంటే మామూలుగానే చెబుతాను. వాళ్ళు అనే మాట ఆయన అన్నా కూడా నేను దగ్గుతాను. ఈ సంగతి అమ్మకి చెప్పాలని చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టుకుని అరుస్తాను.

"అమ్మా! ఈ రోజు ఏమీ కలపనే!"

చాలాసేపటికి జవాబు వస్తుంది. ఇంత దూరం నడిచొచ్చిన మాట కదా, అలిసిపోయి ఉంది. "ఏంటి... మజ్జిగలోనా?"

"మాటల్లో!"

దూరాన హుస్సేనత్త దూది ఏకే విల్లు మోగడం మాత్రం వినిపిస్తోంది. ఆవిడ పని మొదలు పెట్టింది.

మధ్యాహ్నానికి వీధి నిండిపోతుంది. నాయకుడు వస్తాడు. దగ్గర నుంచి చూస్తే ఆయన సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. గొంతు బాగోలేదని మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. నాకు నమస్కారం పెట్టి, మహేశ్వర్ జీ, మీ వల్లే ఈ ప్రాంతంలో నా మాట జనంలోకి వెళ్తోందని హిందీలో అంటాడు. నేను సిగ్గుపడి తల వంచుకుంటాను. ఆ సిగ్గులో కొంత సంతోషం కూడా ఉందని నాకు తెలుసు. దానికి విడిగా సిగ్గేస్తుంది.

ఆయన మొదలు పెడతాడు. "భాయియో ఔర్ బెహనో."

"సోదర సోదరీమణులారా," అంటాను. ఏమీ కలపలేదు.

"హర్ ఘర్ మే దీపక్ జలే."

"ప్రతి ఇంట్లో దీపం వెలగాలి," అంటాను. అంతే అని ఆగిపోతాను.

జనం చూస్తున్నారు. ఇంకా ఏదో ఉంటుందని ఎదురు చూస్తున్నారు. ఏమీ లేదని తెలిశాక ఒక్కొక్కరూ కుర్చీల్లోకి జారబడుతున్నారు. ఒకాయన సెల్‌ఫోను తీస్తాడు. మొదటి వరసలో బొట్టు పెట్టుకున్న పెద్దమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలిస్తాడు. ఆయన ఆవలింత పక్కాయనకి వెళ్తుంది, పక్కాయన నుంచి వెనక వరసకి వెళ్తుంది. నేను చూస్తుండగానే వీధి వీధంతా నోరు తెరుస్తోంది. అది హిందీ పీరియడ్ ఆవలింత. నాకు బాగా తెలుసు.

నాయకుడు నా వంక చూస్తాడు. చక్రధర్ మెట్ల దగ్గర నుంచి కానివ్వండన్నట్టు చెయ్యి ఊపుతాడు. అమ్మ అవతల ఉంది. ఒక్క మాట నా నోట్లో ఉంది. ఏది దేనికి అడ్డమో నాకు స్పష్టంగా తెలుసు. తెలియక చేశానని రేపు ఎవరి దగ్గరా చెప్పుకోవడానికి లేదు.

"మన దీపాలు," అంటాను, "వాళ్ళు ఆర్పుతున్నారు!"

ఆవలింతలు మూసుకుంటాయి. కుర్చీలు పడేంత వేగంగా లేస్తారు. ఆ చప్పట్లలో వీధి ఒక్కసారిగా సాగుతుంది. ఆ చివర చీర రంగు చింతగింజంతై, ఆవగింజంతై, ఎండలో కలిసిపోతుంది. మా గూట్లో దీపం వెలగలేదు. ఆర్పింది ఎవరో నాకు తెలుసు. ఇంతమంది నా వంక చూస్తున్నారు, ఒక్కరి చూపులోనూ నిద్ర లేదు. నాకు ఏడుపొస్తోంది. గొంతు బాగా పలుకుతోంది.

నాయకుడు తర్వాతి వాక్యానికి నోరు తెరుస్తాడు. ఆయన పెదాలు కదులుతాయి. మైకులోంచి వచ్చేది మా అమ్మ గొంతు.

"ఒరే మస్తానూ, ఎండనపడి ఆ అరుపులేందిరా. గొంతు ఎండిపోయిద్ది. వచ్చి మజ్జిగ తాగు."

నాయకుడికి ఇందులో వింతేమీ తోచదు. తన వంతు అయిపోయినట్టు నా వైపు తిరిగి చిన్నగా తల ఊపుతాడు. జనం కూడా నా వైపే తిరుగుతారు. అది తెలుగే, అందరింట్లో అమ్మలు మాట్లాడే తెలుగే. కానీ ఎవరికీ అర్థమైనట్టు లేదు. నేను చెబితేనే వాళ్లకి అర్థమవుతుంది. ఇన్ని మీటింగులయ్యాక అలా అలవాటైపోయింది.

ఉన్నదున్నట్టు చెబుతాననే అనుకుంటాను. నోరు తెరుస్తాను.

"మన గొంతులు ఎండగట్టాలని వాళ్ళు చూస్తున్నారు! మనం తాగే మజ్జిగలో విషం కలుపుతున్నారు!"

జనం ఊగిపోతున్నారు. నాయకుడు మెచ్చుకోలుగా మఫ్లరు సవరించుకుని మళ్లీ నోరు తెరుస్తాడు.

"హుస్సేనమ్మ కూడా నీ కోసం చూస్తా కూచునుందిరా. ఇందాకట్నుంచి విస్తరి తీయలా."

"వాళ్ళు మన కోసం పొంచి కూచున్నారు! విస్తరేసుకుని కూచున్నారు!"

చెబుతున్నప్పుడే ఒళ్లు చచ్చిపోతోంది. మా అమ్మ మాటని పట్టుకుని మా అమ్మ మీదికే విసురుతున్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నాకు తెలియదు. ఆపేద్దామని మైకు మీద చెయ్యేస్తాను. ఆ చెయ్యి మైకుని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటుంది.

"నీ పేరొచ్చి అన్నం తిని పడుకుంది," అంటోంది అమ్మ నాయకుడి నోట్లోంచి. "నువ్వు రాకపోతివి. ఉండు, నేనే వస్తన్నా. మజ్జిగ తెస్తన్నా."

ఈ ఒక్కటీ చెప్పకూడదు. రాగి చెంబు పట్టుకుని, అంత వీధీ దాటుకుని, ఎండలో ఆవిడ వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నా వస్తుంది. అడుగులో అడుగేసుకుంటూ ఈ జనం మధ్యలోకి వస్తుంది. నేను పెదాలు బిగించి తల అడ్డంగా ఊపుతాను.

నాయకుడు ఓపిగ్గా ఎదురు చూస్తాడు. జనం చూస్తున్నారు. మొదటి వరసలో పెద్దమనిషి నోటి దగ్గరికి చెయ్యి మెల్లగా లేస్తోంది. ఆవలించబోతున్నాడు.

"వాళ్ళు," అంటాను, "వస్తున్నారు."

కేకలేమీ రావు. అదే భయంగా ఉంది. అందరూ ఒక్కసారి వెనక్కి, వీధి అవతలి వైపుకి తిరుగుతారు. కొందరు కుర్చీలు మడిచి చేతుల్లోకి తీసుకుంటారు. కొందరు ఫ్లెక్సీ కర్రలు ఊడబీకుతారు. చక్రధర్ సిమెంటు పనికి తెచ్చిన కంకర చూపించి, తోసుకోకుండా వరసగా తీసుకోండని చెబుతున్నాడు. వరసగానే తీసుకుంటున్నారు. తర్వాత అందరూ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా, చాలా పెద్ద గుంపు కోసం చూస్తున్నారు.

గుంపేమీ రావడం లేదు. మా అమ్మ వస్తోంది. స్టేజీ ఎత్తు మీద నుంచి నాకొక్కడికే కనపడుతోంది. దగ్గరికి వస్తోంది గానీ పెద్దదవడం లేదు. అవతలి అరుగు మీద ఉన్నప్పుడు ఇక్కణ్ణుంచి ఎంత కనపడిందో అంతే ఉంది. నేను ఆవిణ్ణి అంత చేశాను కాబట్టి అంతే వస్తోంది. వత్తి అంత మనిషి. జనం చెప్పుల మధ్య నుంచి, జారిపడ్డ కంకర రాళ్లని చుట్టుకుని, మజ్జిగ ఒలక్కుండా చెంబు ఎత్తి పట్టుకుని నడుస్తోంది. ఒకాయన కాలు మార్చి నిలబడతాడు. అమ్మ ఆ కాలు పక్కనుంచి వచ్చి, "కాస్త చూసుకో నాయనా," అని దాటుతుంది.

"అది మా అమ్మ" అని చెప్పాలి. చెబితే అయిపోతుంది. కానీ ముందు నాయకుడు హిందీలో అనాలి కదా, తర్వాతే నేను తెలుగులో చెప్పాలి. సొంతంగా ఒక వాక్యం మొదలు పెట్టి చాలా రోజులైంది. ఎక్కడ మొదలు పెట్టాలో నాలుకకి తోచడం లేదు. నేను నాయకుడి వంక బతిమాలుతున్నట్టు చూస్తాను. ఆయన నీళ్లు తాగుతున్నాడు.

అమ్మ స్టేజీ మెట్లెక్కుతుంది. మైకు తీగ పట్టుకుని, ఆగి, ఊపిరి తీసుకుని, మైకు కడ్డీ మీదుగా పైకొచ్చి, నల్లటి స్పాంజి తొడుగు మీద కూచుంటుంది. నా పెదాలకి బెత్తెడు దూరంలో ఉంది. తెల్లజుట్టు, ముక్కుపుడక, చెంగున కట్టుకున్న దూది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా మొహంలోకి తేరిపార చూస్తుంది.

"బాబూ," అంటుంది. "మా మస్తాను ఈ చుట్టుపక్కల యాడన్నా కనపడ్డాడా? పేరొచ్చింది మా కాడికి. మనిషి రాలా."

నేనేనమ్మా అనాలి. ఊపిరి వదిలితే ఎగిరి పడిపోయేట్టు ఉంది. ఊపిరి బిగబడతాను.

"హిందీ మాస్టారు," అని గుర్తులు చెబుతోంది. "మంచోడే. ఎవరన్నా తన వంక చూస్తే మురిసిపోతాడు, అంతే. పొద్దున్నించీ ఏం తిన్నాడో ఏమో."

కళ్లు నిండిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే గాలికి ఆవిడ కదిలిపోతుంది. ఇంత పెద్ద మనిషినై స్టేజీ మీద అందరి ముందూ కన్నీళ్లు కార్చుకుంటూ నిలబడతాను. కింద జనం మళ్లీ స్టేజీ వైపు తిరిగి నా కన్నీళ్లు చూసి, ధర్మం కోసం ఏడుస్తున్నానని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఎక్కడో చప్పట్లు మొదలవుతున్నాయి.

నాయకుడు గ్లాసు కింద పెట్టి, "బోలియే, మహేశ్వర్ జీ," అంటాడు.

చెప్పండనే ఆ మాట వింటే నా నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. పళ్లు బిగించినా ఆగదు. ఇప్పుడూ తెరుచుకుంటోంది.

అమ్మ అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూస్తుంది. "ఇదేనా ఇల్లు?" అని తనలో తను అనుకుంటుంది. లేచి, మైకు మీద నుంచి నా కింది పెదవి మీదికి అడుగేస్తుంది. గడప దగ్గర విడిచినట్టు చెప్పులు రెండూ పెదవి మీద పక్కపక్కన విడిచి, చెంబు పట్టుకుని నాలుక మీదుగా లోపలికి నడుస్తుంది. ఉత్తకాళ్లు మెత్తగా, చల్లగా ఉన్నాయి.

"ఏందిరా, ఇంత ఇరుకు చేసుకున్నావు," అంటోంది లోపల నుంచి. "దీపం కూడా పెట్టలా." గోడలు తడుముకుంటూ వెళ్తున్నట్టుంది. తర్వాత గొంతు పెంచి పిలుస్తోంది. "మస్తానూ!"

వీధి అవతల, కంటికి ఆనని ఆ అరుగు మీద నుంచి, నిద్రలేచిన నా పేరు "ఆఁ, అమ్మా" అంటోంది. లోపలున్న ఆవిడకి అది వినపడదు. మళ్లీ పిలుస్తోంది. అది మళ్లీ పలుకుతోంది.

చేతుల్లో రాళ్లతో జనం నా మాట కోసం చూస్తున్నారు. నేను ఆ చెప్పులు కింద పడిపోకుండా నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను.